గృహిణీగోష్ఠి: మూసివేసిన ఖాతా



క్రెడిట్ కార్డును సంపాదించుట యెట్లో చెప్పువారికి నేడు కొదువ లేదు. మధ్యాహ్నము పని ముగించుకొని నడుము వాల్చునంతలో టెలిఫోను మ్రోగించి, పేరుపెట్టి పిలిచి, ఉచితముగా నిత్తుమని చెప్పుదురు. ఇచ్చిన సంస్థయే యొకనాడు "మీ ఖాతాను మూసివేసితిమి" అని వ్రాయగలదను మాట మాత్రము వారి నోట వెలువడదు. అప్పు ఎగవేసినవారికి మాత్రమే యట్టి జాబు వచ్చునని మనలో పెక్కండ్రు తలంతురు. అది నిజము కాదు. ఒక్క పైస బాకీ లేనివారికిని, ఏండ్ల తరబడి తప్పక బిల్లు చెల్లించినవారికిని వచ్చియున్నవి. ఏల వచ్చునో, వచ్చిననాడు ఇల్లాలు చూచుకొనవలసిన వేవియో ఈ మాసమున ముచ్చటించుకొందము.

మన తల్లుల కాలమున పచారీ కొట్టులో ఖాతా యుండెడిది. జీతము రాగానే పాత పద్దు తీర్చుట, మరల నెల పొడుగున సరకు అరువు తెచ్చుకొనుట. కొట్టు యజమాని ఖాతా నాపదలచెనేని, పొట్లము కట్టుచు కట్టుచు చేయి నిలిపి, "అమ్మా, పాత బాకీ కొంత జమ కట్టింపుడు" అని మెల్లగా ననెడివాడు. ఆ మాట మనసును నొప్పించెడిదే. కాని దానిలో కారణముండెడిది. బదులు చెప్పుటకు ఇల్లాలికి చోటును ఉండెడిది. పిల్లవాని జ్వరము సంగతియో, జీతము రెండు వారములు ఆలస్యమైన సంగతియో చెప్పిన, అతడు తల యూపి మరల పొట్లము కట్టెడివాడు. కార్డు నిచ్చు సంస్థకు అట్టి ముఖము లేదు. దానికి కనులు కలవు, చెవులు లేవు. మన కొనుగోళ్లన్నియు అది చూచును. మనము చెప్పున దేదియు వినదు.

ముందుగా ఒక సంగతి తేటపరుపవలయును. కార్డునకు లక్ష రూపాయల 'లిమిట్' ఉన్నదన్నచో, ఆ లక్ష మనది కాదు. అడిగినప్పుడు లక్షవరకు అప్పిత్తుమని బ్యాంకు చేసిన వాగ్దానము మాత్రమే అది. మనము వాడుకొనని భాగము కూడ బ్యాంకు లెక్కలలో ఒక బరువుగానే యుండును. ఏలయన, ఏ క్షణమున నైనను మనము దానిని వాడుకొనవచ్చును. మంచికాలమున ఈ బరువు నెవరును పట్టించుకొనరు. మదుపుదారులు చేయి బిగించినప్పుడు, ఉద్యోగములు పోవు సూచనలు కనబడినప్పుడు, బ్యాంకు మొట్టమొదట తగ్గించుకొన జూచునది ఈ వాగ్దానముల మూటనే. అప్పు ఇచ్చిన సొమ్ము రాబట్టుట కష్టము. ఇయ్యని సొమ్మును ఇయ్యకుండుట తేలిక.

దీనికి ప్రసిద్ధమైన నిదర్శనము ఇంగ్లండులో జరిగినది. అక్కడ 1998లో ప్రూడెన్షియల్ అను భీమా సంస్థ వారు ఇంటర్నెట్టుమీద నడచు నొక బ్యాంకును స్థాపించి దానికి 'ఎగ్' అని పేరు పెట్టిరి. ఎగ్ అనగా గ్రుడ్డు! మనవారైనచో బ్యాంకునకు ఏ లక్ష్మీదేవి పేరో పెట్టియుందురు. 2007లో అమెరికా దేశపు సిటీగ్రూపువారు దానిని కొనిరి. కొన్నవారు పాత ఖాతాల నన్నిటిని ఒక్కొక్కటిగా పరీక్షింపించిరి. 2008 ఫిబ్రవరిలో 1,61,000 మందికి ఉత్తరములు పోయినవి. మీరు మాయొద్ద చేరిన నాటికంటె నేడు మీకు అప్పిచ్చుటలో అపాయము హెచ్చినది, కావున 35 దినముల పిమ్మట మీ కార్డు పనిచేయదు, అని వాని సారాంశము. ఆ సంఖ్య వారి కార్డుదారులలో నూటికి ఏడుగురు.

ఉత్తరమందినవారిలో కొందఱు నిజముగా అప్పుల ఊబిలో నుండియుందురు. కాని పత్రికలకు ఎక్కినవారి గోడు వేఱు. మేము ప్రతి నెల బిల్లు పూర్తిగా చెల్లించుచున్నాము, మా పద్దు అద్దమువలె నున్నది, మమ్ము అపాయకరులని యనుట యేమి, అని వారు అడిగిరి. తమ ఋణచరిత్రను తెప్పించి చూపినవారును ఉండిరి. అంతట ఒక అనుమానము పుట్టినది. నెలనెలా పూర్తిగా చెల్లించువానివలన బ్యాంకునకు వడ్డీ రాదు. అంగడివాడు ఇచ్చు కొద్దిపాటి కమిషను మాత్రమే వచ్చును. బాకీని కొంచెము కొంచెముగా సాగదీయువానివలననే లాభము. కావున అపాయము నెపముతో లాభము లేనివారిని వదలించుకొనుచున్నారని జనులు నమ్మిరి. సంస్థవారు అట్లు కాదనిరి.

ఇందు ఎవరి మాట యెంత నిజమో లోపలి లెక్కలు చూచినవారికే తెలియును. కాని మాకు తోచినదొకటి కలదు. ఆ ఉత్తరమునందుకొన్నవారు దానిని నిందగా చదివిరి. పంపినవారు దానిని లెక్కగా వ్రాసిరి. "అపాయము" అను మాట గడచిన దినములను గూర్చినది కాదు, రాబోవు దినములను గూర్చినది. మీరు తప్పు చేసితిరని బ్యాంకు అనుటలేదు. మీవంటివారు నూర్గురిలో ఇందఱు రేపు తప్పుదురని యంత్రము గుణించినది, అంతే. మా వారు బడిలో లెక్కలు చెప్పువారు. ఈ సంగతి విని, "తరగతిలో సగటు మార్కులు చూచి మొదటివానినికూడ బెంచీ ఎక్కించినట్లున్నది" అనిరి. ఆ మాట మాకు మిక్కిలి నచ్చినది.

కాలమును కూడ గమనింపవలయును. 2007 సెప్టెంబరులోనే ఆ దేశమున నార్దరన్ రాక్ అను బ్యాంకు ముందు, తమ సొమ్ము తీసికొనుటకై జనులు వీధుల పొడుగున బారులు తీరిరి. 2008 ఫిబ్రవరిలో, అనగా ఎగ్‌వారి ఉత్తరములు చేరిన ఆ మాసముననే, ప్రభుత్వము ఆ బ్యాంకును స్వాధీనపఱచుకొనినది. గ్రుడ్డుబ్యాంకు కథయు దీర్ఘకాలము సాగలేదు. 2011లో దాని కార్డు ఖాతాలను బార్క్లేసువారు కొనిరి. తక్కిన డిపాజిట్లను, పేరును యార్కుషైరు బిల్డింగు సొసైటీవారు తీసికొనిరి.

అదే కాలమున అమెరికాలో జరిగినవి మఱింత విచిత్రములు. 2009 ఫిబ్రవరిలో అమెరికన్ ఎక్స్‌ప్రెస్సువారు కొందఱు ఖాతాదారులకు, మీ బాకీని తీర్చి ఖాతా మూసికొన్నచో 300 డాలర్లు బహుమానమిత్తుమని కబురంపిరి. చేరుటకు బహుమానములు మనమెఱుగుదుము. వెడలిపోవుటకు బహుమానమను మాట మేము విన్నది అదియే మొదలు. అడ్వాంటా అను మఱియొక సంస్థ చిన్న వ్యాపారములవారికి కార్డులిచ్చెడిది. 2009 మే నెలాఖరున సుమారు పది లక్షల ఖాతాలలో కొత్త కొనుగోళ్లను ఒక్కసారిగా నిలిపివేసినది. మంచివాడు చెడ్డవాడు అను విచక్షణ లేదు. అందఱికిని ఒకటే వేటు. ఆ యేటి నవంబరులో సంస్థయే దివాలా తీసినది.

అన్నిటికంటె మన యోచనకు పాత్రమైనది కంప్యూక్రెడిట్ అను సంస్థ కథ. అట్లాంటా నగరమునకు చెందిన యీ సంస్థ, వెనుకటి చెల్లింపులు సరిగా లేనివారికి కార్డులమ్మెడిది. 2008 జూనులో అమెరికా ప్రభుత్వపు ఫెడరల్ ట్రేడ్ కమిషనువారు దానిపై అభియోగము తెచ్చిరి. ఖాతాదారులు ఎక్కడెక్కడ సొమ్ము వెచ్చించుచున్నారో కనిపెట్టి, కొన్ని చోట్ల వెచ్చించినవారి లిమిట్‌ను వారికి చెప్పకుండ తగ్గించుచున్నారని అందు ఒక యంశము. ఆ చోట్లేవి? సారాయి దుకాణములు, రాత్రి విలాసశాలలు, బిలియర్డు ఆటగదులు, తాకట్టు దుకాణములు. ఇంతవరకు అత్తగారును ఒప్పుకొందురు. కాని పాత టైర్లకు మరల రబ్బరు పూత వేయు దుకాణములును ఆ పట్టికలో నుండెను. కొత్త టైరు కొనలేని పేదరికము దానివలన తెలియునని కాబోలు! దంపతుల కలహములు తీర్చు సలహాదారుల పేరును ఉండెను.

ఇచ్చట ఒక్క నిమిషము నిలువుడు. భార్యాభర్తలకు పొరపొచ్చెము వచ్చినది. విడిపోవుటకు బదులు, సంసారము నిలుపుకొందమని ఇద్దఱును కలసి ఒక అనుభవజ్ఞుని యొద్దకు పోయిరి. ఫీజు కార్డుమీద చెల్లించిరి. మన దృష్టిలో అది బుద్ధిమంతుల పని. యంత్రము దృష్టిలో అది విడాకులకు ముందు వచ్చు మేఘము. విడాకులైనచో ఒక సంసారము రెండగును, ఖర్చు రెట్టించును, బాకీ నిలిచిపోవును, కావున నేడే చేయి ముడుచుకొనవలెనను తీర్పు. ఇల్లు నిలుపుకొనుటకు చేసిన ప్రయత్నమే ఇల్లు కూలుచున్నదనుటకు సాక్ష్యమైనది. ఆ యేడు డిసెంబరులో సంస్థవారు రాజీపడి, ఖాతాదారులకు సుమారు 11 కోట్ల 40 లక్షల డాలర్లు జమ కట్టుట కొప్పుకొనిరి. గమనింపుడు: అచ్చటి అభియోగము, లిమిట్ తగ్గించితిరని కాదు, ఈ పద్ధతిని ముందుగా చెప్పక దాచితిరని.

స్త్రీల విషయమున ఈ "అపాయము" అను మాటకు మఱింత పాత చరిత్ర కలదు. అమెరికాలో 1974కు పూర్వము, ఉద్యోగము చేసి సంపాదించుకొను స్త్రీకికూడ, పెండ్లి కాగానే పూర్వపు ఖాతా మూసి, భర్త పేరిట మరల దరఖాస్తు పెట్టుమనెడివారు. భర్త మరణించిననో విడిచిననో, అంతవరకు ఆమెయే బిల్లులు కట్టుచుండినను ఆ ఖాతా నిలుచునను నమ్మకము లేదు. పెండ్లియాడిన స్త్రీ గర్భవతియై ఉద్యోగము మానునని ఒక అపాయము, పెండ్లియాడని స్త్రీ పెండ్లియాడునని ఒక అపాయము! 1972లో ఈ ఫిర్యాదులన్నియు బహిరంగ విచారణకు వచ్చినవి. 1974 అక్టోబరులో సమాన ఋణావకాశ చట్టము పుట్టినది. స్త్రీయని కాని, వివాహితయని కాని, అవివాహితయని కాని కారణము చూపి అప్పు నిరాకరింపరాదు. పేరు మారినదని, వివాహస్థితి మారినదని మాత్రము చెప్పి ఉన్న ఖాతాను మూయరాదు. తీర్చలేదనుటకు వేఱు నిదర్శనము చూపవలెను. 1976 సవరణతో, కారణము తెలుపుడని అడుగు హక్కును కలిగినది.

ఆ దేశముననే ఇటీవల జరిగిన మఱొకటి గృహిణులకు నేరుగా సంబంధించినది. 2009 నాటి కార్డు చట్టము ప్రజల మేలు కోరి చేసినదే. కాని దానిని అమలుపెట్టు నిబంధనలు 2011 అక్టోబరునుండి, దరఖాస్తు పెట్టుకొను ప్రతివ్యక్తియు తన సొంత ఆదాయమునే చూపవలెననినవి. ఇంటిపట్టున నుండి పిల్లలను పెంచు తల్లికి సొంత ఆదాయ మేది? భర్త జీతమంతయు ఆమె చేతిమీదుగానే ఖర్చగుచున్నను కాగితముమీద ఆమె నిరుపేద. తల్లులు అర్జీలు పెట్టుకొనిరి. 2013లో నిబంధనను మార్చి, 21 ఏండ్లు నిండినవారు తమకు న్యాయముగా అందుబాటులో నుండు కుటుంబాదాయమును చూపుకొనవచ్చునని సవరించిరి.

మన తెలుగింటి ఆడుబిడ్డలు వేలకొలదిగా ఆ దేశమున నున్నారు కావున ఈ సంగతి ఇంతగా వ్రాసితిమి. భర్త హెచ్-1 వీసామీద పోవును. భార్య హెచ్-4 మీద వెంట పోవును. 2015 మే మాసమునుండి వారిలో కొందఱికి ఉద్యోగము చేయుటకు అనుమతి దొరికినది, అందఱికిని కాదు. అనుమతి లేని అమ్మాయి చేతిలో నుండు కార్డు తఱచుగా భర్త ఖాతాకు తగిలించిన తోక మాత్రమే. భర్త ఉద్యోగము పోయి, బ్యాంకు ఆ ఖాతా మూసెనేని ఈమె కార్డును అదే నిమిషమున చచ్చును. ఆమె పేర ఋణచరిత్ర యనునది ఏమియు ఉండదు. పది యేండ్లు సంసారము నడపిన మనిషి నిన్న విమానము దిగిన మనిషితో సమానమగును. అమ్మాయిని అత్తవారింటికి పంపునప్పుడు బంగారము తూచి పంపెడి తల్లులు, అక్కడ ఆమె పేర ఒక ఖాతా తెఱచినారా యని అల్లుని అడుగుటలో దోషమేమియు లేదు.

మన దేశమున ఇట్టి తోక కార్డును 'ఆడ్-ఆన్' కార్డు అందురు. దానిపై చేసిన కొనుగోళ్లకు బాధ్యత మూల ఖాతాదారునిదే యని రిజర్వు బ్యాంకు నియమము. ఇది మన ధర్మశాస్త్రములకు దూరమైనది కాదు. యాజ్ఞవల్క్యుడు భర్త చేసిన అప్పు భార్య తీర్చ నక్కఱలేదనియు, తానొప్పుకొన్నది, భర్తతో కలసి చేసినది, తానై చేసినది, ఈ మూడు విధములైన అప్పులే ఆమె తీర్చవలెననియు చెప్పెను. మఱి భార్య సంపాదనమీదనే బ్రతుకు కులవృత్తులవారిలో, గొల్లలు, చాకలులు, నటులు మొదలగువారిలో, భార్య చేసిన అప్పు భర్త తీర్చవలెనని కూడ ఆయన మాటయే. సంసారము ఎవరి రెక్కలమీద నడచునో ఆ రెక్కలకు పరపతి యుండవలెనను ఎఱుక ఆ కాలమువారికి కలదు. ఈ స్మృతికి విజ్ఞానేశ్వరుడు వ్రాసిన వ్యాఖ్యను ఆధారముగా గొని, పదుమూడవ శతాబ్దిలోనే కేతన తెలుగు పద్యములలో విజ్ఞానేశ్వరీయమును రచించెను. మా తండ్రిగారు మాకు వ్యవహారకాండమును పాఠము చెప్పునప్పుడు, ఇది మనకెందుకని మేము విసిగెడివారము. ఇప్పుడు బ్యాంకు కాగితములు చదువునప్పుడెల్ల అది జ్ఞప్తికి వచ్చును.

ఇక మన యింటి సంగతి. భారతదేశమున బ్యాంకులు కార్డు ఖాతా మూయుటకు గాని, లిమిట్ తగ్గించుటకు గాని సామాన్యముగా దారి తీయునవి ఇవి: వరుసగా కొన్ని నెలలు కనీసపు మొత్తము మాత్రమే చెల్లించుట; కార్డుతో ఏటీఎమ్ నుండి నగదు తీయుట, ఇది చేతిలో డబ్బాడుట లేదనుటకు గుర్తుగా నెంచుదురు; ఒకే మాసమున నాలుగైదు చోట్ల అప్పులకై దరఖాస్తు పెట్టుట; వేఱొక బ్యాంకులో వాయిదా తప్పుట. ఈ కడపటిది విడ్డూరముగా తోచును. ఒక కొట్టులో బాకీ పడిన, ఇంకొక కొట్టువాని కెట్లు తెలియును? తెలియును. 2005 నాటి చట్టము ననుసరించి బ్యాంకులన్నియు మన చెల్లింపుల సంగతులను ఋణసమాచార సంస్థలకు పంపుచున్నవి. సిబిల్ స్కోరని మనవారు వాడుకలో ననునది ఇట్టివానిలో నొక సంస్థ యిచ్చు అంకె. అది 300కును 900కును నడుమ నుండును.

మన తప్పేమియు లేకున్నను పై ఒత్తిడివలన మూతపడుటయు కలదు. 2023 నవంబరు 16న రిజర్వు బ్యాంకు, పూచీ లేని అప్పులు మితిమీరుచున్నవని తలచి, కార్డు బాకీల బరువును పెంచినది. నూఱు రూపాయల కార్డు బాకీని 125గా నెంచి మూలధనము చూపవలసిన బ్యాంకు, 150గా నెంచవలసి వచ్చినది. కార్డు సొమ్ము బ్యాంకునకు అంతకంటె ఖరీదైనదని దాని యర్థము. ఖరీదైన సరకును ఏ వర్తకుడైనను ఏరి ఏరి యిచ్చును కదా.

మూతవలన కలుగు నష్టము లెక్కకు ఎట్లందునో చూడుడు. ఒక యింట రెండు కార్డులున్నవి. ఒకదానికి 1,00,000 రూపాయలు, ఇంకొకదానికి 50,000 లిమిట్. నెలకు 30,000 ఖర్చు. మొత్తము లక్షన్నరలో ముప్పది వేలు, అనగా నూటికి 20 మాత్రమే వాడుచున్నారు. ఇది మంచి గృహస్థు లక్షణమని యంత్రము మెచ్చుకొనును. లక్ష రూపాయల కార్డును బ్యాంకు మూసినది. ఇంటి ఖర్చు ఒక్క రూపాయియు పెరుగలేదు. అయినను ఇప్పుడు ఏబది వేలలో ముప్పది వేలు, నూటికి 60. రెండవ బ్యాంకువాని యంత్రము ఇది చూచి, ఈ యింటివారు మెడవరకు వాడుచున్నారే యని కనుబొమలు ముడుచును. ఒకరు తలుపు వేసిన చప్పుడు విని పొరుగువారును తలుపు వేసినట్లు!

అంకెలలో కనబడని నష్టమును మేము కన్నులార చూచితిమి. మాకు పరిచితురాలైన యొక యిల్లాలు, పేరు చెప్పము, తన భర్త జీవితభీమా ప్రీమియము ప్రతి సంవత్సరము కార్డునుండి తానంతట కట్టబడునట్లు ఏర్పాటు చేసికొనెను. ఒక బ్యాంకువారు ఆ కార్డును మూసిరి. కబురు భర్త పాత టెలిఫోను నంబరునకు పోయినది. ఆ నంబరు వాడుక మాని రెండేండ్లయినది. ప్రీమియము గడువు గడచినది, పిదప ఇచ్చు మన్నింపు దినములును గడచినవి. మూడు నెలల పిమ్మట ఆమె వేఱు పనిమీద కాగితములు తీసినప్పుడు పాలసీ చచ్చియున్నట్లు బయటపడినది. దానిని బ్రతికించుటకు అపరాధ రుసుమేకాక ఆయనకు మరల వైద్యపరీక్షయు అవసరమైనది. ఆయనకు నడుమ మధుమేహము వచ్చియుండెను. అది నయమయిన వ్యాధి కాదుగదా; ఎక్కువ ప్రీమియముతో, ఎన్నో తిరుగుళ్లతో పాలసీ నిలిచినది. ఆ మూడు నెలలలో ఆయనకేమైన నైనచో అని తలచుకొని ఆమె మాముందు కన్నీరు పెట్టుకొనెను.

కావున కార్డు మూసిరని తెలిసిన నాడు బ్యాంకుపై కోపించుటకు ముందు, ఆ కార్డునుండి ఏమేమి దానంతట అది కట్టబడుచున్నదో ఒక కాగితముమీద వ్రాసికొనుడు. భీమా, కరెంటు, గ్యాసు, టెలిఫోను, పిల్లల చదువు రుసుములు. వీనిని ఆనాడే వేఱు ఖాతాకు మార్చుడు. కొనిన వస్తువు తిప్పిపంపియున్నచో దాని సొమ్ము మూసిన ఖాతాలో పడును, దాని నడుగుడు. పేరుకొన్న పాయింట్ల సంగతియు నడుగుడు. మూసివేసినంత మాత్రమున బాకీ మాయము కాదు. వడ్డీ నడచుచునే యుండును. కార్డే లేదుగదా యని బిల్లు చూడక యూరకున్నవారు ఆ పిదప మిక్కిలి చెడుదురు.

మన హక్కులను గూర్చి. 2022 జూలై 1 నుండి అమలునకు వచ్చిన రిజర్వు బ్యాంకు ఆదేశముల ప్రకారము, కార్డును నిలిపినచో, స్తంభింపజేసినచో, ఆ సంగతిని కారణముతో కూడ వెంటనే ఖాతాదారునకు తెలుపవలెను. ఏడాదికి మించి వాడని కార్డును మూయదలచినచో ముందుగా తెలిపి, 30 దినములు బదులునకై చూచి, అప్పటికిని పలుకనిచో మూయవచ్చును. మనమే మూయుమని కోరినచో, బాకీ లేకున్న, ఏడు పనిదినములలో మూయవలెను. ఆలస్యమైన దినమునకు 500 రూపాయలు మనకు చెల్లించుకొనవలెను. ఖాతాలో మన సొమ్మేమైన మిగిలియున్నచో దానిని మన బ్యాంకు ఖాతాకు పంపవలెను. వ్రాసిచ్చిన ఫిర్యాదునకు 30 దినములలో సరియైన బదులు రానియెడల రిజర్వు బ్యాంకు అంబుడ్స్‌మనునకు వ్రాసికొనవచ్చును. అందులకు రుసుము లేదు. కాని అతడు చేయలేనిది కూడ తెలిసియుండుట మేలు. మీకు తప్పక అప్పిమ్మని బ్యాంకును ఆజ్ఞాపింపడు. అప్పిచ్చుటయు మానుటయు వారి వ్యాపారనిర్ణయము. కారణము చెప్పిరా, ముందు తెలిపిరా, మీ పద్దును సరిగా వ్రాసిరా, ఇంతవరకే అతని విచారణ.

ఒక సోదరి, "ఆసుపత్రి ఖర్చు వచ్చిననాటికి కార్డు ఉన్నదను ధైర్యముతో నున్నాము, ఇది చాలునా" అని వ్రాసియుండెను. చాలదు. దేశమంతట ఉద్యోగములు పోవుచున్న కాలముననే మన యింటను ఉద్యోగము పోవచ్చును, ఆ కాలముననే బ్యాంకు లిమిట్‌ను ముడుచుకొనును. ఎండలో గొడుగిచ్చి వానలో అడిగి పుచ్చుకొను స్నేహితునివంటిది కార్డు. రెండు మూడు నెలల ఇంటి ఖర్చునకు సరిపడు సొమ్ము పొదుపు ఖాతాలో, అదియు ఇల్లాలి పేరిట, ఉన్నచో ఆ జాబు వచ్చినను ఆ రాత్రి నిద్ర పట్టును. స్వయంసహాయక సంఘములలో నున్న పల్లెటూరి అక్కచెల్లెండ్రు ఈ విషయమున మనకంటె ముందున్నారు. వారి పద్దు పదిమంది తోటివారి యెదుట వ్రాయబడును. వాయిదా ఒకటి తప్పినచో ముందుగా "ఏమైనది" అని అడుగువారుందురు.

సొంత సంపాదన లేని గృహిణికి తన పేర కార్డు కావలెననిన ఒక దారి కలదు. తన పేరిట బ్యాంకులో ఫిక్స్‌డ్ డిపాజిట్టు వేసి, దానిని పూచీగా నుంచినచో, ఆ మొత్తములో కొంత భాగమునకు సరిపోవు లిమిట్‌తో కార్డునిత్తురు. జీతపు కాగితములు అడుగరు. అపాయము లేనిచోట యంత్రమునకు అడ్డు చెప్పుటకేమి యుండును? ఆ కార్డుతో నెలకు నాలుగైదు వందల సరకు కొని, గడువునకు ముందే పూర్తిగా కట్టుచున్నచో రెండు మూడేండ్లలో ఆమె పేర ఒక ఋణచరిత్ర యేర్పడును. భర్త ఖాతాకు ఏమి జరిగినను ఇది చెదరదు.

ఋణసమాచార సంస్థలు మన దేశమున నాలుగు: ట్రాన్స్‌యూనియన్ సిబిల్, ఈక్విఫాక్స్, ఎక్స్‌పీరియన్, సీఆర్ఐఎఫ్ హైమార్క్. ఒక్కొక్కటి ఏడాదికి ఒకసారి మన పూర్తి నివేదికను ఉచితముగా నీయవలెను. కార్డు మూసిన నెలన్నర పిమ్మట దానిని తెప్పించి చూడుడు. మీరు తీర్చిన బాకీ తీరినట్లుగా వ్రాసిరా, మూసిన ఖాతా మూసినట్లే యున్నదా, మీరు ఎన్నడును తీసికొనని అప్పేమైన మీ పేరిట నున్నదా, వరుసగా చూడుడు. తప్పు కనబడినచో ఆ సంస్థకు వ్రాయుడు. 30 దినములలో సరిదిద్దక, బదులీయక యున్నచో, 2024 ఏప్రిల్ 26 నుండి అమలులోనున్న నియమము ప్రకారము, ఆ పై గడచిన ప్రతి దినమునకును 100 రూపాయల చొప్పున మీకు చెల్లవలసియుండును. వ్రాసిన తేది జాగ్రత్తగా గుర్తుంచుకొనుడు. దినములు లెక్కించునది ఆనాటినుండియే.